సిరిమానోత్సవం రోజు సిగ్నల్ గీతలు నిండా ఉంటాయి, నెట్ రాదు. స్మాల్ సెల్స్ (చిన్న టవర్ పెట్టెలు) పెడితే తీరుతుందా?

కోట_దారి_షాపు:
విజయనగరంలో పైడితల్లమ్మ పండగ రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఫోన్లో 4 గీతలుంటాయి. యూపీఐ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. జనం పలచబడితే అదే చోట మామూలుగా పనిచేస్తుంది. ఏటి కారణం? కరెంటు స్తంభాలకి స్మాల్ సెల్స్ కడితే సరిపోద్దా? షాపు మీద సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టుకోమంటున్నారు, అది పనికొస్తుందా?

ఆర్ఎఫ్_ప్లానింగ్:
గీతలు సిగ్నల్ బలాన్నే చెప్తాయి, టవర్ దగ్గర ఖాళీ ఉందో లేదో చెప్పవు. 4జీలో 20 మెగాహెర్ట్జ్ క్యారియర్ (టవర్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీ) అంటే 100 రిసోర్స్ బ్లాకులు, అంటే ఫోన్లకి పంచే ముక్కలు. సెక్టార్లో (టవర్ ఒక దిక్కున చూసుకునే ప్రాంతంలో) వందమంది ఉన్నా, వేలమంది ఉన్నా వాటినే పంచాలి. పండగలో ముందు నిండేది ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లే దారి, అంటే అప్‌లింక్. సిరిమాను కదలగానే అందరూ వీడియోలు ఎక్కిస్తారు. 2300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ టీడీడీలో (ఒకే ఫ్రీక్వెన్సీలో పంపడం, అందుకోవడం వంతులవారీగా జరిగే పద్ధతిలో) ఎక్కువగా వాడే కాన్ఫిగరేషన్ 2లో 10 సబ్‌ఫ్రేముల్లో (చిన్న కాలపు వంతుల్లో) పూర్తిగా అప్‌లింకుకి దక్కేవి 2. యూపీఐకి కావలసింది కొద్ది కిలోబైట్లే అయినా, వాటికీ వంతు రాక టైమవుట్ అయిపోతుంది.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొడితే రీడింగులు కనిపిస్తాయి. ఆర్ఎస్ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 75 ఉండి ఆర్ఎస్ఆర్‌క్యూ (సిగ్నల్ నాణ్యత) మైనస్ 15 కంటే దిగజారితే అది కవరేజీ లోపం కాదు. రద్దీ, దానికి తోడు పక్క సెల్స్ జోక్యం.

స్మాల్ సెల్ ఇక్కడ పనికొస్తుంది, కానీ టవర్ వాడే క్యారియర్‌నే దీనికీ ఇస్తే దండగ. టవర్ 40 వాట్లతో అరుస్తుంటే 1 నుంచి 5 వాట్ల పెట్టె మాట దాని పక్కనున్నవాళ్లకే వినిపిస్తుంది. వేరే క్యారియర్ కేటాయించాలి. లేదంటే టవర్ కొన్ని సబ్‌ఫ్రేముల్లో మౌనంగా ఉండే ఈ-ఐసీఐసీ అనే పద్ధతి పెట్టి, ఫోన్లు చిన్న సెల్‌కి మళ్లేలా బయాస్ (మొగ్గు) ఇవ్వాలి. ఇంత జనంలో సుమారు 100 మీటర్లకొకటి, 6 నుంచి 8 మీటర్ల ఎత్తులో. అంతకంటే కిందైతే మనుషుల ఒళ్లే సిగ్నల్‌ని మింగేస్తాయి, మరీ పైనైతే ఒకదాని సిగ్నల్ మీద ఇంకోదాని సిగ్నల్ పడుతుంది. కొనేముందు ఒకేసారి ఎంతమందిని కనెక్ట్ చేసుకోగలదో చూడాలి. 64 మంది పరిమితి ఉన్న మోడల్ ఈ వీధిలో నిమిషాల్లో నిండిపోతుంది.

ఫైబర్_పని:
నా దృష్టిలో అసలు కష్టం రేడియోతో కాదు, దాని వెనకున్న తీగలతో. రైట్ ఆఫ్ వే (తీగలు, పరికరాలు వేసుకునే అనుమతి) నిబంధనల 2022 ఆగస్టు సవరణలో స్మాల్ సెల్ కట్టే స్తంభానికి పట్టణాల్లో ఏడాదికి 300, పల్లెల్లో 150 రూపాయలే రుసుము పెట్టారు. 2025 జనవరి 1 నుంచి కొత్త రైట్ ఆఫ్ వే నిబంధనలొచ్చాయి. అద్దె అడ్డంకి కానేకాదు. ప్రతి స్తంభానికీ ఫైబరూ, ఆగని కరెంటూ చేర్చడమే పని.

సిరిమాను వెళ్లే దారిలో రోడ్డుకి అడ్డంగా గాల్లో కేబుల్ కట్టకూడదు. పైన పూజారి కూర్చునే మాను అది, ఒక్క తీగా తగలకూడదు. ఫైబర్ రోడ్డుకి ఒక పక్కనే నడవాలి, దాటాల్సిన చోట భూమిలోంచి పోవాలి. ఊరేగింపు కోసం లైన్లు ఆపితే స్తంభం మీది సెల్ కూడా ఆగిపోతుంది, కాబట్టి కరెంటు ఆపే సమయానికి సరిపడా బ్యాటరీ తప్పనిసరి.

టీడీడీకి సెల్ టైమింగ్‌లో తేడా అసలు సమయానికి 1.5 మైక్రోసెకన్ల లోపు ఉండాలి. ఇరుకు వీధిలో ఆ సమయం అందుకునే జీపీఎస్ యాంటెనాకి ఆకాశం సరిగ్గా కనపడదు, అప్పుడు ఫైబర్ మీద పీటీపీ (నెట్‌వర్క్ ద్వారా సమయం పంపే పద్ధతి) ఇవ్వాలి. దారిలోని స్విచ్చులన్నీ దాన్ని ఆదుకునేవై ఉండాలి. సింక్ తప్పిన ఒక్క సెల్ చుట్టుపక్కల వాటి అప్‌లింకునంతా పాడుచేస్తుంది.

కోట_దారి_షాపు:
అంటే ఒక్క రోజు పండగకి ఇంత పని చెయ్యాలా?

ఆర్ఎఫ్_ప్లానింగ్:
పండగకి మాత్రమే అయితే చక్రాల మీది మొబైల్ టవర్ తెచ్చి నిలబెట్టడమే సులువు. దానికీ ఫైబర్ ఉండాలి, మైక్రోవేవ్ లింకైతే జనం తలల మీదుగా ఎదురుగా చూపు సాగాలి. పర్మనెంట్ స్మాల్ సెల్స్ రోజూ సాయంత్రం ఇరుక్కునే చోట, అంటే బజారు, ఆర్టీసీ కాంప్లెక్స్ లాంటి చోట పెడితే వాటి ఖర్చుకి న్యాయం జరుగుతుంది.

వైఫై_సెటప్:
బూస్టర్ వద్దు బావూ. లైసెన్సు లేకుండా వాడటం చట్టవిరుద్ధం, పైగా అది టవర్‌కి ఖాళీని పెంచదు. లోపలి, బయటి యాంటెనాల మధ్య ఐసోలేషన్ (ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి చేరకుండా ఉండే ఎడం) గెయిన్ (బూస్టర్ పెంచే మోతాదు) కంటే 15 డీబీ అయినా ఎక్కువ లేకపోతే అది తనంతట తానే ఊళపెట్టి, టవర్ అప్‌లింకులో శబ్దం నింపుతుంది. వీధి వీధంతా ఇంకా ఇరుక్కుంటుంది.

డబ్బు పంపేది కొనేవాళ్ల ఫోన్ కదా, నెట్ వాళ్లకి కావాలి. ఫైబర్ బ్రాడ్‌బ్యాండ్ తీసుకుని, రూటర్లో గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టి, ఒక్కొక్కరికి 1 ఎంబీపీఎస్ పరిమితి ఇచ్చి, దాని క్యూఆర్ కౌంటర్ మీద అతికించండి. 5 గిగాహెర్ట్జ్ వాడండి, 2.4లో పక్క షాపుల రూటర్లన్నీ తగులుకుంటాయి. సౌండ్‌బాక్స్‌లో వేరే సిమ్ ఉంటే అది ఆలస్యంగా మాట్లాడుతుంది, వైఫై మీదున్న మీ ఫోన్లో జమ అయిందో లేదో చూసుకోండి. రూటర్‌కి, ఓఎన్‌టీకి (ఫైబర్ వచ్చి చేరే పెట్టెకి) 12 వోల్టుల మినీ యూపీఎస్ తగిలించండి. ఓఎన్‌టీ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసుందో చూసే కొనండి, తక్కువదైతే లోడు పడగానే రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది.