హిప్‌హాప్ నుంచి నాయకత్వం నేర్చుకోవచ్చునా, లేక ఇది నా వ్యామోహమేనా?

తొరైపాక్కం నెల్లూరీయుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆరేళ్ళుగా చెన్నైలో, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీదున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. నిరుడు ఉగాది వెళ్ళిన వారానికి నన్ను టీమ్ లీడ్‌ని చేసి తొమ్మిది మందిని అప్పగించారు. పని బాగా వచ్చినవాడికి పనిచేయించడం కూడా వచ్చేస్తుందని మా పైవాళ్ళు అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను.

మా ప్రాజెక్టులో రాత్రిపూట తనంతట తానే నడిచే ప్రోగ్రాము, అంటే బ్యాచ్ జాబ్, ఒకటి తరచూ మధ్యలో ఆగిపోయేది. బృందంలోని ఒక అమ్మాయి మూడు వారాలు దానితోనే కూర్చుని, మూలం ఎక్కడుందో కనిపెట్టి సరిచేసింది. తరువాతి క్లయింట్ కాల్‌లో ఆ సంగతంతా నేనే వివరించాను, అదీ ‘నేను గమనించాను, నేను మార్చాను’ అనే ధోరణిలో. ఆమె నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. అబద్ధం చెబుతున్నానన్న స్పృహ ఆ క్షణంలో నాకు లేదని అంటే మీరు నమ్మకపోవచ్చు గాని, నిజంగానే లేదు. రెండు నెలలకు ఆమె వేరే బృందానికి మారిపోయింది. అప్రైజల్ సమయంలో పేర్లు లేకుండా తీసుకున్న అభిప్రాయాలలో ఒకరు ఇలా రాశారు: ‘మేము చేసే పని అంతా ఆయన గొంతులోనే వినిపిస్తుంది.’

ఇక హిప్‌హాప్ సంగతి. ఇంజనీరింగ్ చదువుతున్న మా బావమరిదికి తెలుగులో ర్యాప్, అంటే హిప్‌హాప్‌లో తాళానికి తగ్గట్టు మాటలు కలిపి పాడే పాట, రాసే అలవాటు ఉంది. పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం నన్ను వేళచ్చేరిలో తన స్నేహితుల మేడ మీదికి తీసుకువెళ్ళాడు. ఎనిమిది మంది కుర్రాళ్ళు గుండ్రంగా నిలబడ్డారు. చిన్న స్పీకరుకు శబ్దం చాలదని దానిని ఖాళీ స్టీలు బకెట్లో పెట్టారు. ఒకరి తరువాత ఒకరు పాడుతూ ఉండగా, ఒక పిల్లవాడికి నాలుగో పంక్తి దగ్గర మాటలు ఆగిపోయాయి. అతని వంతు ఎవరూ లాక్కోలేదు. మిగిలినవారు చప్పట్లతో తాళం నిలబెట్టి, అతను అందుకునేదాకా ఎదురుచూశారు. అదే మా సమావేశంలో అయితే రెండో క్షణానికే నేను అందుకుని ముగించి ఉండేవాడిని.

ఆనాటి నుంచి ఈ సంగీతం వింటున్నాను, దాని గురించి చదువుతున్నాను. మా మేనేజరుకు చెబితే నవ్వి, నాయకత్వం మీద మంచి పుస్తకాలు ఉండగా ఇదేమిటన్నారు. ప్రగల్భాలకూ బంగారు గొలుసులకూ పేరుపడిన ఈ కళలో నాలాంటివాడు మారడానికి పనికివచ్చేది నిజంగా ఏమైనా ఉందా?

పాతరికార్డుల పిచ్చివాడు (జవాబు)

ఉంది, అది మీరు మేడ మీద చూసినదానిలోనే ఉంది. ఆ గుండ్రాన్ని వాళ్ళు సైఫర్ అంటారు. ప్రగల్భాలు పాటల్లో వినిపిస్తాయి గాని, ఆ పాటలు పుట్టిన పద్ధతిలో వేరే క్రమశిక్షణ ఉంది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్ ఒక పార్టీ నడిపాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా ఇప్పుడు అందరూ చెప్పుకునేది ఆ రోజునే. జమైకా నుంచి వచ్చిన హెర్క్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. పాట మొత్తంలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మిగిలే చిన్న ముక్క కోసం ఆడేవాళ్ళు కాచుకుని ఉంటారని అతను గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్కను అందుకుంటూ, కొన్ని క్షణాల సంగతిని నిమిషాలకు సాగదీశాడు. తనకు నచ్చిన పాట వినిపించడం కాదు, ఎదుటివాళ్ళ కాళ్ళు ఎక్కడ కదులుతున్నాయో చూసి దానికి చోటు పెంచడం అతను చేసిన పని. మైకు కోక్ లా రాక్ అనే స్నేహితుడికి ఇచ్చాడు.

పని బాగా వచ్చినవారి సంగతి అడిగారు కనుక గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే మరో డీజే గురించి చెప్పాలి. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న ఫ్లాష్, హెర్క్ రికార్డులు మార్చేటప్పుడు తాళం తప్పుతోందని పట్టుకుని, రికార్డు మీద క్రేయానుతో గుర్తులు పెట్టి, చుట్లు లెక్కబెట్టి, అతుకు తెలియకుండా కలపడం సాధించాడు. తీరా జనం ముందు చేసి చూపిస్తే, వాళ్ళు ఆడటం మానేసి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయారట. నైపుణ్యం జనాన్ని నిలబెట్టింది గాని కదిలించలేదు. అప్పుడు కౌబాయ్ అనే అతన్ని పక్కన పెట్టుకుని, మాట అతనికి వదిలేశాడు. మన బుర్రకథలో తంబురా పట్టిన కథకుడికి అటూ ఇటూ డిమ్కీలతో ఇద్దరు ఉంటారు కదా, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ‘వంత పాడటం’ అనే మాటను మనం తిట్టుగా మార్చుకున్నాం గాని, ఆ వంత లేకపోతే కథకుడికి ఊపిరి తీసుకునే సందు కూడా ఉండదు.

మీ బృందంలాగే తొమ్మిది మందితో మొదలైన వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం సంగతి కూడా చూడండి. 1993లో వారి మొదటి ఆల్బమ్ వచ్చింది. నాయకుడు ఆర్‌జడ్‌ఎ కుదుర్చుకున్న ఒప్పందంలోని విశేషమేమిటంటే, బృందంగా ఒక రికార్డు సంస్థకు పాడుతూనే, ఎవరికివారు విడిగా తమకు నచ్చిన సంస్థతో పాడుకోవచ్చు. సభ్యుల్లో మెథడ్ మ్యాన్ ఒక చోటికి, జీజడ్‌ఎ మరొక చోటికి వెళ్ళారు, బృందం మాత్రం నిలిచింది. మంచివాళ్ళు పోతారేమోనని కట్టిపడేసే మన మేనేజర్లకు ఇది అర్థం కావడం కష్టం. అయితే 2007 నాటికి రేక్వాన్, గోస్ట్‌ఫేస్ అనే సభ్యులిద్దరూ ఆర్‌జడ్‌ఎ పద్ధతి మీద బహిరంగంగానే అసంతృప్తి చెప్పారు. మొదట్లో అందరూ ఒప్పుకున్న పెత్తనం ఎల్లకాలం చెల్లలేదన్నమాట.

అంబత్తూరు హెచ్ఆర్ (జవాబు)

నేను అంబత్తూరు ఎస్టేట్‌లోని ఒక కర్మాగారంలో పదకొండేళ్ళుగా సిబ్బంది వ్యవహారాలు చూస్తున్నాను. పాటల నుంచి నాయకత్వం నేర్చుకున్నామని చెప్పేవారి మీద నాకు పెద్దగా గురి లేదు, ఎందుకంటే విన్నవాడు తనకు సుఖంగా ఉన్న పాఠమే ఏరుకుంటాడు.

పైన రికార్డులవారు రాసినదే చూడండి. ఆ పార్టీ హెర్క్ నడిపాడని అన్నారు. పార్టీ పెట్టినది అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచే ముందు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కావాలని గది మాట్లాడినది ఆమె. ఆడపిల్లలకు పాతిక సెంట్లు, మగపిల్లలకు యాభై సెంట్లు ప్రవేశ రుసుము. ఆహ్వానాలు చేత్తో రాసిన చీటీలు. ఒక మనిషి పనిని ఇంకొకరి గొంతులో వినిపించడం గురించి నడుస్తున్న చర్చలో, మొదటి జవాబులోనే ఆ పేరు జారిపోయింది చూశారా? దురుద్దేశంతో అన్నారని నేను అనడం లేదు. నెల్లూరు సోదరుడు కూడా దురుద్దేశంతో చేయలేదనే నమ్ముతున్నాను. సరిగ్గా అందుకే ఇది ప్రమాదకరం.

హిప్‌హాప్ చరిత్రలో మీకు పనికివచ్చే కథ నేను ఒకటి చెబుతాను, కాకపోతే అందులో నాయకుడు ఎవరూ లేడు. 1979లో సిల్వియా రాబిన్సన్ అనే నిర్మాత షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో ముగ్గురిని పోగుచేసి విడుదల చేసిన పాట, ర్యాప్‌ను ఇళ్ళలోని రేడియోల దాకా తీసుకువెళ్ళింది. ఆ ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ న్యూజెర్సీలో పిజ్జా దుకాణంలో పనిచేసేవాడు. అతను పాడిన పంక్తులు బ్రాంక్స్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ తన నోటుపుస్తకంలో రాసుకున్నవి. క్యాజ్‌కు అప్పట్లో కాసనోవా ఫ్లై అని పేరుండేది. హ్యాంక్ ఎంత యథాతథంగా అప్పజెప్పాడంటే, క్యాజ్ తన పేరును అక్షరం అక్షరంగా చెప్పుకున్న చోట కూడా మార్చకుండా ఆ పేరే పాడేశాడు. రికార్డు మీద క్యాజ్ పేరు లేదు, అతనికి ప్రతిఫలమూ దక్కలేదు. సొమ్మొకడిది, సోకొకడిది. విన్నవారెవరికీ తెలియలేదు గాని, బ్రాంక్స్‌లో ఆ పంక్తులు ఎవరివో తెలిసినవాళ్ళందరికీ తెలుసు. మీ బృందానికి తెలిసినట్టే.

మారడం గురించి కూడా ఒక మాట. 2017లో జే-జీ అనే ర్యాపర్ ఒక ఆల్బమ్‌లో భార్యకు క్షమాపణ చెప్పుకున్నాడని చాలామంది మెచ్చుకున్నారు. నిజాయితీ ఉండవచ్చు. కానీ ఆ ఆల్బమ్ మొదట విడుదలైనది తన సొంత వాటా ఉన్న స్ట్రీమింగ్ సేవలోనే అని గుర్తుంచుకోండి. పశ్చాత్తాపం కూడా సరుకైపోయే చోటు అది. మీరు ఈ ప్రశ్నలో ఎంత చక్కగా ఒప్పుకున్నారో, ఆ అమ్మాయికి, ఆ క్లయింటుకు కూడా అంత చక్కగా ఒప్పుకున్నారా? ప్రశ్నలో ఆ సంగతి లేదు.

పుళియంతోపు మనవడు (జవాబు)

అక్కా, చివరి మాట బాగా అడిగారు. నేను కొంచెం వేరే వైపు నుంచి రాస్తాను.

మా ముత్తాతలు చెన్నపట్నానికి కార్పొరేషన్ పారిశుద్ధ్య పనికి వచ్చారు. మాలాంటి తెలుగు కుటుంబాలు ఉత్తర చెన్నైలో చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళం కలవని తెలుగు రాయాలంటే ఇప్పటికీ కాస్త తడుముకుంటాను, తప్పులుంటే మన్నించండి. ఎవరైనా పోతే శవం దగ్గర రాత్రంతా గానా (ఉత్తర చెన్నై వీధుల పాట) పాడే వీధుల్లో పెరిగినవాడిని కనుక, ర్యాప్ నాకు విదేశీ సరుకుగా ఎన్నడూ అనిపించలేదు. గానాలో కూడా పాడేవాడు పోయినవారి పేరు, ఊరు, చేసిన పని పాటలోకి తెస్తాడు. పేరు తప్పితే అక్కడే ఆపించి సరిచేయిస్తారు. మా పిన్ని ఒకసారి పాటగాడి చేయి పట్టుకుని, ‘ఆయన లోడు దింపినవాడు కాదు, బండి తోలినవాడు, మళ్ళీ పాడు’ అని గద్దించడం నేను చూశాను. అతను మళ్ళీ మొదటి నుంచి పాడాడు.

2018 జనవరిలో చెన్నైలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే సంగీత బృందం మొదటి కచేరీ జరిగింది. దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు టెన్మా కలిసి గానా, ర్యాప్, రాక్ పాడేవారిని ఒక వేదిక మీదికి తెచ్చారు. రంజిత్‌కు అప్పటికే పెద్ద పేరు ఉంది, మైకు మాత్రం గానా పిల్లల చేతుల్లో ఉంది. ఆ బృందంలో నుంచే అరక్కోణం కుర్రవాడు అరివు బయటికి వచ్చాడు. తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన ఇంటి పెద్దావిడ కథను కలిపి అతను రాసి పాడిన పాట 2021లో దేశమంతా మారుమోగింది. అదే ఏడాది ఒక సంగీత పత్రిక ముఖచిత్రంలో అతను లేకపోవడం మీద పెద్ద వివాదం రేగింది. మరుసటి ఏడు చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవంలో ఆ పాట పాడినప్పుడూ అతను వేదిక మీద లేడు. ఎవరిది ఎంత పని అన్న విషయంలో ఆ పాటలో భాగమైన వారు తలా ఒక మాట చెప్పారు, ఆ తగవు తీర్చడం నా వల్ల కాదు. అక్క చెప్పిన క్యాజ్ కథ బ్రాంక్స్‌లో ఆగిపోలేదని చెప్పడానికే ఇది రాశాను.

అన్నా, మీకు నా సలహా ఒక్కటే. పనిచేసినవారి పేరును పని పేరుతోపాటే పలకడం అలవాటు చేసుకోండి. చివర్లో ‘అందరికీ ధన్యవాదాలు’ అని ఒక స్లైడు పెడతారు చూడండి, అది లెక్కలోకి రాదు.

పాతరికార్డుల పిచ్చివాడు (జవాబు)

అంబత్తూరు వారికి క్షమాపణలు. సిండీ గురించి నాకు తెలుసు, తెలిసీ రాయలేదు. తెలియక వదిలేయడం కంటే అది పెద్ద తప్పు.

పాఠం ఏరుకోవడం గురించి మీరన్నది ఒప్పుకుంటూనే, మరొక సంఘటన చేరుస్తాను. ఆ పార్టీకి దాదాపు రెండేళ్ళ ముందు, 1971 డిసెంబరులో, బ్రాంక్స్‌లో ముఠాల మధ్య రాజీ చేయడానికి వెళ్ళిన బ్లాక్ బెంజీ అనే యువకుడిని కొట్టి చంపేశారు. అతను ఘెట్టో బ్రదర్స్ అనే ముఠావాడు. ఊరంతా ప్రతీకారానికి ఎదురుచూస్తుండగా, ఆ ముఠా నాయకుడు బెంజీ మెలెండెజ్ పగ వద్దని నిలబడి, కొద్ది రోజులకే హో అవెన్యూలోని బాయ్స్ క్లబ్‌లో ముఠాలన్నిటినీ కూర్చోబెట్టి సంధి చేయించాడు. ఒక వీధివాడు మరొక వీధిలో అడుగుపెట్టలేని రోజులు పోతేనే గదా, ఎక్కడెక్కడి పిల్లలో ఒక పార్టీకి రాగలిగేది. మెలెండెజ్ తన మార్పును మనసులో దాచుకోలేదు. తన మాట కోసం కత్తులు పట్టుకుని కాచుకున్న సొంతవారి ముందే చెప్పాడు. కష్టమంతా అక్కడే ఉండి ఉంటుంది.

తొరైపాక్కం నెల్లూరీయుడు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. అంబత్తూరు వారి ప్రశ్న చదివి రెండు రోజులు ఇక్కడికి రాలేకపోయాను. ఒప్పుకోలేదండీ, ఆమెకూ చెప్పలేదు, క్లయింటుకూ చెప్పలేదు.

మొన్న మంగళవారం క్లయింట్ కాల్‌లో, కొత్తగా చేరిన అబ్బాయి చేసిన మార్పును అతన్నే వివరించమన్నాను. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాడు. నేను ముందుగానే నా మైకు మ్యూట్ చేసుకుని ఉన్నాను, అయినా నా నోరు దానంతట అదే తెరుచుకుంది. గడియారం చూస్తే ఆ నిశ్శబ్దం పద్నాలుగు సెకన్లే, నాకు మాత్రం తిరువాన్మియూర్ సిగ్నల్ దగ్గర నిలబడినంత సేపనిపించింది. తరువాత అతను అందుకున్నాడు, నేను చెప్పి ఉంటే వదిలేసే ఒక సంగతి కూడా చెప్పాడు. క్లయింట్ ఒక సందేహాన్ని అలవాటు కొద్దీ నా పేరు పెట్టి అడిగితే, అది అతని పని కనుక అతనే చెబుతాడన్నాను.

నిన్న సాయంత్రం ఆ బ్యాచ్ జాబ్ గురించి ఉత్తరం రాశాను. ఆ సమస్యను కనిపెట్టినదీ సరిచేసినదీ ఆమేననీ, ఆనాటి కాల్‌లో నేను నా పనిగా చెప్పుకోవడం తప్పనీ నాలుగు పంక్తుల్లో రాసి, ఆమెకు పంపిస్తూ క్లయింటునూ మా మేనేజరునూ అందులో చేర్చాను. క్లయింట్ ఆమె పేరు పెట్టి ధన్యవాదాలు చెబుతూ ఈ ఉదయం జవాబిచ్చారు. మేనేజరు ఫోన్ చేసి, ఇదంతా ఇప్పుడు తవ్వడం అవసరమా అన్నారు. ఆమె నుంచి ఇంకా ఏమీ రాలేదు.