బాలింతకు ఆందోళన తగ్గే మాత్ర రాస్తే పాలు మాన్పించాలా?

రాజాం మందులకొట్టు:
ఈ తగువు ఇక్కడైనా తేలుతుందేమో చూద్దాం. కాన్పయి ఐదారు వారాలు. బిడ్డ హాయిగా నిద్రపోతున్నా తల్లికి కునుకు ఉండదు. గుండె దడ, చేతుల వణుకు, బిడ్డకు ఊపిరి ఆడుతోందో లేదోనని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూడ్డం. డాక్టరు సెర్ట్రాలిన్ (ఆందోళన, బెంగ తగ్గించే మాత్ర) రాస్తారు. చీటీ తెచ్చిన అత్తగారు ‘పాలు మాన్పించాకే వేస్తాం’ అంటారు. మాత్రా వేసుకోవచ్చు, పాలూ ఇవ్వొచ్చు అని నా వాదన. కాదనేవాళ్లు కారణంతో రండి.

బొబ్బిలి సిస్టర్:
పాలు మాన్పించమని నేనూ అనను. మాత్రకు తొందరెందుకన్నదే నా అభ్యంతరం. ముందు రక్తం చూడండి. హిమోగ్లోబిన్ తక్కువున్నా దడే, ఆయాసమే. కాన్పయిన ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య కొందరికి థైరాయిడ్ వాచి హార్మోను ఎక్కువవుతుంది. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం అచ్చం ఆందోళనలాగే ఉంటాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడకుండా సెర్ట్రాలిన్ వేస్తే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. పథ్యం పేరుతో నీళ్లు గ్లాసులు లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఒంట్లో నీరు తగ్గినా గుండె దడే.

ఆ తర్వాత నిద్ర. ముక్కలుముక్కలుగా ఎనిమిది గంటలు కాదు, ఏకధాటిగా నాలుగైదు గంటలు. రాత్రి 9కి పాలిచ్చి, మిగిలినవి చేత్తో పిండి స్టీలు గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. మధ్యలో బిడ్డ లేస్తే ఆ గిన్నెను వేడినీళ్లలో కాసేపు నిలబెట్టి (పొయ్యి మీద కాయొద్దు), ఉగ్గుగిన్నెతో అమ్మమ్మ పట్టొచ్చు. ఫ్రిజ్ లేకపోతే మన ఉక్కకి గంటకు మించి బయట ఉంచకండి. పిండకుండా పడుకుంటే రొమ్ము గట్టిపడి ఆ నొప్పికే మెలకువ వస్తుంది. ఈ పద్ధతి చెడేది ఎక్కువగా అక్కడే.

సిక్కోలు పీజీ (సైకియాట్రీ):
రక్తపరీక్షల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ నిద్ర కుదిరేదాకా మందు ఆపుదామంటే ఒప్పుకోను. మూడో రోజునో ఐదో రోజునో మొదలయ్యే ఏడుపు, బెంగ రెండు వారాల్లో వాటంతటవే పోతాయి, వాటికి మందక్కర్లేదు. రెండు వారాలు దాటినా తల్లికి తిండి, నిద్ర లేకుండా ఉంటే అది వేరే సంగతి. కాన్పు తర్వాత బెంగను కనిపెట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలుంటాయి, మొత్తం 30 మార్కులు. 3, 4, 5 ప్రశ్నలు ఆందోళనవి. మొత్తం తక్కువొచ్చినా ఆ మూడింట్లో ఎక్కువొస్తే వదలకూడదు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏదొచ్చినా ఆ రోజే డాక్టరు చూడాలి.

మాత్ర లెక్క: మామూలుగా రోజుకు 25 మి.గ్రా.తో మొదలు, వారం తర్వాత రోజుకు 50. మొదటి వారం వికారం, విరేచనాలు, కొంచెం కంగారు పెరగడం మామూలే. అక్కడే చాలామంది ‘పడలేదు’ అని ఒగ్గేస్తారు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఆరు. బరువుకు సరిచూస్తే పాలలో బిడ్డకు చేరేది తల్లి డోసులో సుమారు 2 శాతం లోపే. 10 శాతం దాటకపోతే సాధారణంగా పర్వాలేదంటారు. నెల తక్కువ బిడ్డయితే పిల్లల డాక్టరుకు ముందే చెప్పాలి. ఎవరైనా సరే బిడ్డ మరీ మత్తుగా ఉందా, పాలు తగ్గించిందా, బరువు పెరుగుతోందా అన్నవి చూసుకుంటే చాలు. అన్నట్టు, ఇంట్లో బైపోలార్ (మనసు కొన్నాళ్లు మరీ ఉద్రేకంగా, కొన్నాళ్లు మరీ కుంగి ఉండే జబ్బు) ఉన్నవాళ్లుంటే దాచకండి. ఆ మాట తెలియకుండా ఈ మందిస్తే మనసు ఉద్రేకం వైపు తిరగొచ్చు.

చీపురుపల్లి ఆశ:
సిస్టరప్పా, ఇంట్లో చేతులుంటేనే కదా నిద్ర! కన్నోరింట్లో ఉన్నన్నాళ్లూ సరే. మూడో నెలకి అత్తోరింటికి దిగాక, మొగుడు చెన్నైకో హైదరాబాదుకో పనికెళ్లిపోతే రాత్రి ఉగ్గుగిన్నె పట్టేదెవరు? మా ఇంటి సందర్శనలు 42వ రోజుతో పలచబడిపోతాయి, బెంగ ముదిరేది ఆ తర్వాత.

ఇంకొకటి. అత్తగారు పక్కనుండగా అడిగితే ‘బాగున్నాను’ అనే అంటారు. బిడ్డను తూకం వేసేటప్పుడు పెద్దావిడని పాత కార్డు వెతికి తెమ్మని లోపలికి పంపి అప్పుడు అడగాలి. ‘బిడ్డను నేనే పడేస్తానేమో’ అనే ఆలోచన వస్తోందని చెప్తే కంగారుపడకండి. ఆ ఆలోచనకు తానే భయపడి కత్తి దాచేసుకునే తల్లి వేరు. ‘ఈ బిడ్డ నాది కాదు, మార్చేశారు’ అని నమ్ముతూ, నిద్రే అక్కర్లేనట్టు తిరిగే తల్లి వేరు. రెండోది గాలి సోకడం కాదు, ఆ పూటే పెద్దాసుపత్రి. మొదటిదానికి 14416 టెలిమానస్‌కి (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ లైను) తెలుగులోనే మాట్లాడొచ్చు.

రాజాం మందులకొట్టు:
అసలు ప్రమాదం ఎవరూ ఎత్తలేదు. సెర్ట్రాలిన్‌కి భయపడే ఇళ్లే ‘నిద్రకి ఏదైనా’ అని అల్ప్రాజోలం (మత్తుగా నిద్ర పట్టించే మాత్ర) అడుగుతాయి. అది ఆ రాత్రే పనిచేస్తుంది, అందుకే మంచిదనిపిస్తుంది. వారాలు వాడితే అలవాటైపోతుంది. బిడ్డకు మత్తు, పాలు తాగే ఓపిక తగ్గడం. మత్తులో తల్లి పక్కలోకి బిడ్డను లాక్కోవడం మరీ ప్రమాదం. చీటీ లేకుండా అది ఇచ్చే కొట్టు మీకు మేలు చెయ్యట్లేదు.

బొబ్బిలి సిస్టర్:
ఆ మాటకు నేనూ ఓటేస్తాను. ఊపిరి చూసే అలవాటు మాత్రం మాత్ర ఒక్కదానితో పోదు. వేలు పెట్టాలనిపించినప్పుడు ఐదు నిమిషాలు ఆగాలి, రెండు రోజులకి పది, ఆ తర్వాత పాలిచ్చేటప్పుడే చూడాలి. ఇంట్లోవాళ్లు ‘ఆడుతోందిలే’ అని ప్రతిసారీ ధైర్యం చెప్పకూడదు, చెప్పినకొద్దీ అడుగుతారు.

సిక్కోలు పీజీ (సైకియాట్రీ):
అదీ, మాత్రా కలిపితేనే నా ఓటు. నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. ‘బాగైపోయింది కదా’ అని ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. జబ్బు తిరగబెట్టిందని అప్పుడు పొరపడతారు. డాక్టరు చెప్పిన లెక్కలో వారాల తరబడి తగ్గించాలి.

రాజాం మందులకొట్టు:
మరి పాలు మాన్పించాలన్నవాళ్లు ఇంకా ఒక్కరూ రాలేదు. చీటీ తెచ్చే అత్తగారికి ఈ చర్చంతా చదివి వినిపిస్తాను.