పువ్వుకీ సాస్‌కీ ఒకటే పేరు, ఏంటండీ అది?

అమలాపురం నుంచి: మా పాప ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ చేస్తా ఒక్కచోట ఆగిపోయిందండి, తోటలో వేసే పువ్వు, తినే సాస్, రెండిటికీ ఒకటే మాట, ఫ్రెంచి నుంచి వచ్చిందంట, 10 అక్షరాలు. గంట నుంచి తల పట్టుకు కూర్చుంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

యానాం నుంచి: మిన్యొనెట్ అండి. ఫ్రెంచిలో మిన్యోన్ అంటే ముద్దుగా చిన్నగా ఉండేదని. సాస్ అంటే పొయ్యి మీద ఉడికించేది కాదు, మిరియాలు కచ్చాపచ్చాగా దంచి, చిన్న సైజు ఉల్లిపాయలు సన్నగా తరిగి వెనిగర్‌లో కలుపుతారు, పచ్చి ఆల్చిప్పల మీద చెంచాడు వేసుకుని తింటారు. అసలు అలా దంచిన మిరియాలనే మిన్యొనెట్ అంటారు.

కడియం నుంచి: పువ్వు మధ్యధరా సముద్రం వైపుదండి, చూడ్డానికి ఏమంత ఉండదు, లేత పసుపు కంకి, కానీ వాసన కోసమే పెంచుతారు. ఇంకోటి చెప్పనా, మన గోరింటాకు చెట్టుని కూడా ఇంగ్లీషులో మిన్యొనెట్ ట్రీ అంటారు! దాని పూత ఎప్పుడైనా దగ్గరగా చూశారా, మీగడ రంగులో చిన్న చిన్న గుత్తులు, సాయంత్రం దొడ్డంతా ఘుమఘుమే.

అమలాపురం నుంచి: సరిగ్గా సరిపోయిందండీ! మా పెరట్లో గోరింటాకు ఉంది, పాప ఇప్పుడే పూత చూడ్డానికి పరిగెత్తింది.