గిట్ మెర్జ్ గైడ్‌లో అవర్స్, దెయిర్స్ ఎలా వివరించాలి?

నమస్తే అండీ. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) బ్రాంచ్‌లు మెర్జ్ చేయడంపై, అంటే విడివిడిగా సాగిన పనిని కలపడంపై, తెలుగులో చిన్న గైడ్ రాస్తున్నాను. కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు వైపులా వేర్వేరు మార్పులు రావడం) గుర్తుల వరకు బాగానే వచ్చింది. అప్పుడు ఏ వైపు ఉంచాలో చెప్పే అవర్స్ (ours), దెయిర్స్ (theirs) దగ్గరే ఆగిపోయాను.

మెర్జ్‌లో అవర్స్ అంటే మనం ఉన్న బ్రాంచ్, దెయిర్స్ అంటే కలుపుకుంటున్న బ్రాంచ్. రీబేస్‌లో ఇది తలకిందులు. అక్కడ గిట్ మన కమిట్లను (సేవ్ చేసిన మార్పులను) అవతలి బ్రాంచ్ మీద ఒక్కొక్కటిగా మళ్లీ పెడుతుంది కాబట్టి మన మార్పులే దెయిర్స్ అవుతాయి. నేనేమో "మనవి", "వాళ్లవి" అని రాసేశాను. అది చదివి ఒక జూనియర్ రీబేస్ మధ్యలో అవర్స్ ఎంచుకుని రెండు రోజుల పని పోగొట్టుకున్నాడు (పాత స్థితులను గుర్తుంచుకునే గిట్ చిట్టా రీఫ్లాగ్ పుణ్యమా అని మళ్లీ దొరికిందనుకోండి). తప్పు నాదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మెర్జ్ కమాండ్‌కు -ఎక్స్ అవర్స్ (-X ours) అని ఇస్తే కాన్‌ఫ్లిక్ట్ వచ్చిన చోట మాత్రమే మన వైపు తీసుకుంటుంది. -ఎస్ అవర్స్ (-s ours) అయితే అవతలి బ్రాంచ్ మార్పులన్నీ వదిలేస్తుంది. ఒక్క అక్షరం తేడా!

"ఇప్పుడు హెడ్ ఉన్న వైపు" (హెడ్ అంటే గిట్‌లో ప్రస్తుతం మనం ఉన్న కమిట్), "వచ్చి చేరే వైపు" అని రాస్తే రెండు సందర్భాలకూ సరిపోతుందా? మీ టీమ్‌లో ఏ మాటలు వాడుతున్నారు? అసలు కాన్‌ఫ్లిక్ట్‌లో రెండు వైపులా మారకముందున్న పాత రూపం కూడా కనిపించేలా డిఫ్3 (diff3) అనే స్టైల్‌ను మొదటి రోజే పెట్టించడం మేలంటారా?