గుండె నీరసించిందంటూనే దాన్ని నెమ్మదింపజేసే మాత్ర ఎందుకు?

పెద్దకొడుకు: నాన్నకు ఎకోలో పంపింగ్ 30 శాతం అని వచ్చింది. మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్ (గుండె మీద అడ్రినలిన్ పనిని అడ్డుకునే మాత్ర) 12.5 మి.గ్రా. మొదలుపెట్టారు. అలసిన గుండెను ఇంకా నెమ్మదింపజేయడం ఏమిటని అడిగితే, "ఏళ్ల తరబడి అడ్రినలిన్ తాకిడికి, ఆ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్లు గుండె కణాల మీద మొద్దుబారాయి, వాటికి విశ్రాంతి కావాలి" అన్నారు డాక్టరుగారు. బయట ఇంకా నలభై మంది ఉన్నారు, మారు ప్రశ్న వేయలేకపోయాను. వాడినవాళ్లు చెప్పండి. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మెట్లు ఎక్కించవచ్చా?

సాగరతీరం: ఎందుకిచ్చారో తర్వాత, ముందు ఒక్కటి వినండి. హఠాత్తుగా మాత్రం ఆపకండి! పెళ్లికి వెళ్తూ నా మాత్రల డబ్బా ఇంట్లో మరిచాను. మూడో రోజుకు పడుకున్నా దడ, ఛాతీలో బిగుతు. పెళ్లి భోజనం బదులు సెలైన్ ఎక్కింది. మాత్ర మూసి ఉంచినన్నాళ్లూ కణం కొత్త రిసెప్టర్లను పైకి తెస్తుందట. మూత ఒక్కసారిగా తీస్తే మామూలు అడ్రినలిన్ కూడా పిడుగే.

మందులపెట్టె: ఇరవై ఆరేళ్లు మందుల రంగంలో ఉన్నాను కనుక చెబుతున్నాను. ఒత్తిడి హార్మోను అంటే కార్టిసాల్. దాన్ని తగ్గించకుండా ఈ మాత్రలెందుకు? అశ్వగంధ పెట్టండి.

నల్లబల్ల: ఇరవై ఆరేళ్లూ పెట్టెలే మోశారా? ఇక్కడ మాట అడ్రినలిన్‌కు తోబుట్టువైన నోరడ్రినలిన్‌ది. నీరసించిన గుండెను నడిపించడానికి నరాలు దాన్ని రాత్రింబవళ్లు వదులుతూనే ఉంటాయి. గుడి మైకు పక్కన కాపురమున్నవాడికి కొన్నాళ్లకు సుప్రభాతం వినిపించదు. ఇదీ అంతే. ముందు ఒక ఎంజైము రిసెప్టరుకు ఫాస్ఫేటు తగిలిస్తుంది, అరెస్టిన్ అనే ప్రోటీను వచ్చి అడ్డం కూర్చుంటుంది. ఇదంతా నిమిషాల్లో జరుగుతుంది. తర్వాత రిసెప్టరు కణం లోపలికి పోతుంది. తాకిడి ఆగకపోతే అక్కడే ముక్కలవుతుంది, కొత్తవి తయారుకావడమూ తగ్గుతుంది. 1982లో అమెరికా గుండె వైద్యుడు బ్రిస్టో బృందం బాగా దెబ్బతిన్న గుండెల్లో చూస్తే ఈ రిసెప్టర్లు (వీటినే బీటా రిసెప్టర్లంటారు) దాదాపు సగమే మిగిలాయి. పోయినవి ప్రధానంగా బీటా-1 రకం. బీటా-2 అంతగా తగ్గవు.

మందులపెట్టె: పాఠం బాగుంది మాష్టారూ. మరి ఇదే తరహా మందు కార్వెడిలాల్ వాడితే రిసెప్టర్ల సంఖ్య పెద్దగా పెరగదు, అయినా రోగి కోలుకుంటాడు. దీనికేమంటారు?

నల్లబల్ల: అది నిజమే, ఒప్పుకుంటాను. లెక్క పెరగడం ఒక్కటే కారణం కాదు. ఆ విషపు తాకిడి నుంచి కండరాన్ని కాపాడటమూ ఉంది. అందులో అశ్వగంధ ఎక్కడుంది?

మందులపెట్టె: వ్యక్తిగతంగా మాట్లాడకండి.

నల్లబల్ల: మీరు ఒక రోగి ఇంటికి సలహా ఇస్తున్నారు. వ్యక్తిగతమే.

రాత్రిపని: మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు 34. ఐదేళ్లుగా రాత్రి ఉద్యోగం, పైఅధికారి అరుపులు. నా రిసెప్టర్లూ పోయినట్లేనా? నా చేతి గడియారంలో నాడి ఎప్పుడూ 58.

సాగరతీరం: తమ్ముడూ, 58 కోసం జనం పరుగులు తీస్తున్నారు. ఆ గడియారం తీసి నిద్రపో.

నల్లబల్ల: ఆఫీసు చిరాకు వేరు, గుండె వైఫల్యం వేరు. కలపవద్దు. కళ్లు తిరిగితే మాత్రం ఈసీజీ తీయించుకోండి. పెద్దకొడుకు గారూ, మీ అనుమానం ఒకప్పుడు పాఠ్యపుస్తకాలదే. గుండె వైఫల్యంలో ఈ తరహా మందులు నిషేధం అనేవారు. 1975లో స్వీడన్‌లో వాగ్‌స్టెయిన్ బృందం ఏడుగురికి ఇచ్చి మేలు జరిగిందంటే నమ్మినవారు తక్కువ. 1999లో రెండు పెద్ద పరీక్షల్లో మరణాలు మూడో వంతు తగ్గాక నోళ్లు మూతపడ్డాయి. అయితే మొదట్లో ఇబ్బంది పెరగవచ్చు, మోతాదు చీమ నడకలా పెంచడం అందుకే.

పెద్దకొడుకు: కృతజ్ఞతలు. మెట్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

సాగరతీరం: అయ్యో, అవును కదా. మొదటి వారాల్లో ఆయాసం, కాళ్ల వాపు పెరగవచ్చు. రోజూ పొద్దున్నే బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే డాక్టరుకు ఫోను చేయండి. మెట్లు ఎన్ని ఎక్కవచ్చో ఆయన్నే అడగండి. అంతవరకు ప్రతి మలుపులో ఒక కుర్చీ వేయించండి.

రాత్రిపని: మాకు లిఫ్టు ఉంది. చెడిపోయి పదకొండు రోజులు.

మందులపెట్టె: సంఘం అధ్యక్షుడు ఏ అంతస్తులో ఉంటాడు?

రాత్రిపని: కింద అంతస్తే.