సమస్య: నీలి సంద్రమందు నిప్పు పుట్టె

ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

నీలి సంద్రమందు నిప్పు పుట్టె

విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున నిలబడితే మనకిది కొత్తేమీ కాదు. అందుకే ఒక షరతు. సముద్రం అడుగున మండుతుందని పురాణాలు చెప్పే బడబాగ్ని వద్దు, ఉత్త సూర్యోదయమూ వద్దు. ఫోటోషాప్‌లోనో గింప్‌లోనో గ్రేడియంట్, అంటే ఒక రంగు మెల్లగా మరో రంగులోకి కరిగే పూత, గీసిన చెయ్యి పద్యంలో కనబడాలి. యతి తప్పకూడదు, రంగూ తప్పకూడదు.

గాజువాక తమ్ముడి పూరణ:

కింది నుంచి పైకి గ్రేడియంటును లాగ
నడుగు నీలమయ్యె నంచు పసుపు
నడుమఁ బూసె నెరుపు నా తెర మీదనే
నీలి సంద్రమందు నిప్పు పుట్టె

నా మాట: "గ్రేడియంటు"ను యతిస్థానంలో కూర్చోబెట్టడం చాలా బాగుంది తమ్ముడూ. మూడో పాదం దగ్గరే ఆగిపోయాను. నీలం, పసుపు రెండే ఇచ్చి లాగితే నడుమ ఎరుపు పూయదు. కంప్యూటర్లో ఏ రంగైనా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లే, ఒక్కోటీ 0 నుంచి 255 దాకా. నీలం 0, 0, 255. పసుపు 255, 255, 0. సగం దూరంలో మూడు అంకెలూ 128 దగ్గర కలుస్తాయి, అంటే బూడిద రంగు. ఫ్లెక్సీలు చేసే కొత్తలో ఒక పెళ్లి ఫ్లెక్సీకి ఇలాగే ఆకాశం మసిబట్టినట్టు వచ్చింది, నా డబ్బుతో మళ్లీ ప్రింటు వేయించాను. నడుమ మూడో రంగు మనమే పెట్టాలి. అక్కడ ఎరుపు పెడితే నీలానికీ ఎరుపుకీ మధ్య ఊదా, ఎరుపుకీ పసుపుకీ మధ్య నారింజ వాటంతటవే వస్తాయి. పొద్దున్నే సముద్రం మీద చూసే వరస అదే కదా! పాదం ఇలా మార్చి చూడు:

నడుమ నెరుపు చుక్క నాటగా తెరమీద

తమ్ముడి జవాబు: చేసి చూశానన్నా. రెండు రంగులతో నిజంగా బూడిదే వచ్చింది. మీ పాదమే ఉంచుతాను.

మధురవాడ అక్క పూరణ:

గుండ్రగాను తిప్పి కొంత పసుపు పూసి
యంచు కరుగునట్టు లపుడు వదల
రాత్రి గదిని నాకు రవి లేచినట్లుగా
నీలి సంద్రమందు నిప్పు పుట్టె

నా మాట: మూడో పాదం మనసుకు పట్టింది అక్కా. "తిప్పి" ఒక్కటే సరికాదు. రేడియల్ (గుండ్రంగా పరుచుకునే) గ్రేడియంట్‌ను తిప్పం, నడిమి నుంచి బయటికి లాగుతాం. "గుండ్రరకము నెంచి" అంటే గణాలూ నిలుస్తాయి.

భీమిలి మాస్టారి పూరణ:

మెట్లు కానరాక మిసిమి నిండే లాగ
నిసుక రవలు తెరకు నేనె చల్ల
చారలన్ని కరిగి చల్లగా నొకటయ్యె
నీలి సంద్రమందు నిప్పు పుట్టె

నా మాట: మాస్టారూ, ఇందులో మార్చడానికి నాకేమీ దొరకలేదు. 8 బిట్ల ఫైల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లే. ముదురు నీలం నుంచి కాస్త లేత నీలానికి 40 మెట్లే ఉండి, బొమ్మ 4000 పిక్సెళ్లుంటే ఒక్కో మెట్టు 100 పిక్సెళ్ల చార అవుతుంది. డిథరింగ్ (పక్క పక్క మెట్ల పిక్సెళ్లను చెల్లాచెదురుగా కలపడం) ఆన్ చేసినా, సన్నగా నాయిస్ (రవ్వల్లాంటి చుక్కలు) కలిపినా ఆ అంచులు చెదిరిపోతాయి. దాన్ని ఇసుక చల్లడం అన్నారే, అక్కడ ఆనందంతో రెండోసారి చదివాను.

మాస్టారి జవాబు: ఎర్రమట్టి దిబ్బల దగ్గర తట్టింది బాబూ. దూరం నుంచి ఒకటే రంగు, చేతిలోకి తీసుకుంటే ఏ రేణువుదారిది ఆ రేణువుది.