గ్రాడ్యుయేట్ వీసా నుంచి అన్‌మ్యారీడ్ పార్ట్‌నర్ వీసా: ఆ రెండేళ్లు ఎక్కణ్ణుంచి లెక్క?

వేపచెట్టు:

అందరికీ నమస్తే. యూకేలో గ్రాడ్యుయేట్ వీసా (ఇక్కడ చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చేది) మీద ఉన్నాను, ఐదు నెలల్లో అయిపోతుంది. నా పార్ట్‌నర్‌కి ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. మేం కలిసి మూడేళ్లు కావస్తోంది. ఒకే ఇంట్లో ఉంటున్నది మాత్రం పద్నాలుగు నెలల నుంచే, అంతకుముందు చదువు వల్ల వేరే వేరే ఊళ్లలో ఉన్నాం. ఇల్లు ఇంకో ఇద్దరితో షేరింగ్, అగ్రిమెంట్ తన పేరు మీదే ఉంది. తన జీతం 27,500 పౌండ్లు, నాది 24,000, నేను ఈ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది.

రెండేళ్లు కలిసి ఉండటం తప్పనిసరి అని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది నిజం? తన జీతం పార్ట్‌నర్ వీసాకి అడిగే 29,000కి తక్కువ కాబట్టి మాకు దారి లేదా? ఇక్కడి నుంచే మారవచ్చా, ఇండియా వెళ్లి వేయాలా?

మర్రినీడ:

వేపచెట్టు గారూ, ఇక్కడి నుంచే మారవచ్చు. గ్రాడ్యుయేట్, స్టూడెంట్, స్కిల్డ్ వర్కర్ వీసాలున్నవాళ్లు దేశం దాటకుండానే పార్ట్‌నర్ రూట్‌కి మారే వీలుంది. విజిటర్‌గా వచ్చినవాళ్లకు కుదరదు. మీరు వేయాల్సింది ఎఫ్ఎల్ఆర్ ఎం ఆన్‌లైన్ ఫారం.

రెండేళ్ల గురించి మీరు విన్న రెండు మాటలూ నిజమే, కాలాలు వేరు. 2024 జనవరి 31కి ముందు రెండేళ్లు ఒకే కప్పు కింద ఉండాలన్నది రూల్. ఆ తర్వాత దాన్ని మార్చి, పెళ్లిలాంటి సంబంధం కనీసం రెండేళ్లుగా ఉండాలన్నారు. కలిసి ఉండకపోవడానికి చదువు, ఉద్యోగం, మన సంప్రదాయం ఒప్పుకోకపోవడం లాంటి కారణాలను వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీసే ఒప్పుకుంటుంది. అయితే వేరుగా ఉన్న కాలానికి ఇంకో రకం రుజువులు అడుగుతుంది: క్రమం తప్పకుండా మాట్లాడుకుంటున్నారా, డబ్బు విషయంలో ఒకరికొకరు ఆసరాగా ఉన్నారా, ప్రయాణాల్లో, వేడుకల్లో జంటగా కలిసి గడిపారా అని.

చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే, ప్రేమ మొదలైన తేదీనే ఫారంలో రాసేస్తారు. లెక్కలోకి వచ్చేది పరిచయం కాదు, డేటింగ్ కాదు. ఒకరికొకరు కట్టుబడి, ఇంటి ఖర్చులూ ముందు చూపూ కలిపి చూసుకోవడం మొదలైన రోజు లెక్క. ఆ తేదీ నుంచి అప్లికేషన్ వేసే రోజుకి 24 నెలలు నిండాలి, ఆ 24 నెలలకూ కాగితం ఉండాలి. మీకు పద్నాలుగు నెలలు ఇంటి కాగితాలతో నిలబడతాయి. బలహీనంగా ఉన్నది వాటికి ముందు పది నెలలు, శ్రమంతా అక్కడే పెట్టండి.

ఒక పెద్ద కాగితం తీసుకుని 24 గడులు గీయండి, నెలకో గడి. ఒకరి ఖాతా నుంచి ఇంకొకరికి వెళ్లిన డబ్బు, ఒకరి ఊరికి ఇంకొకరు వెళ్లిన రైలు, కోచ్ టికెట్లు, ఇద్దరి పేర్లున్న హోటల్ బుకింగ్, ఒకరు ఇంకొకరిని నెక్స్ట్ ఆఫ్ కిన్‌గా (దగ్గరి మనిషిగా) రాసిన ఆస్పత్రి లేదా ఆఫీసు రికార్డు, ఇలా దొరికినవన్నీ ఏ నెలవో ఆ గడిలో రాయండి. వరుసగా మూడు గడులు ఖాళీగా కనిపిస్తే ఆఫీసర్‌కీ అవి అలాగే కనిపిస్తాయి. ఫొటోలు పదీ పదిహేను చాలు, తేదీ, చోటు కింద రాసి పెట్టండి. మూడు వందల ఫొటోలు పెట్టి కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక సంస్థ వేసే పన్ను) బిల్లు ఒక్కటీ పెట్టని ఫైలు బలమైన ఫైలు కాదు.

కలిసున్న కాలానికి వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఉత్తరాలు కావాలి. కౌన్సిల్, బ్యాంకు, జీపీ సర్జరీ (మన డాక్టర్ క్లినిక్), హెచ్ఎంఆర్‌సీ (పన్నుల శాఖ), కరెంటు కంపెనీ ఇలా కనీసం మూడు రకాల సంస్థల నుంచి, ఆ నెలలన్నిటిలో పరుచుకునేలా. ఇద్దరి పేరు మీద కలిపి రాకపోయినా పర్లేదు, ఒకే అడ్రస్‌కి విడివిడిగా వచ్చినవీ పనికొస్తాయి. అగ్రిమెంట్ తన పేరు మీదే ఉంది కాబట్టి ఓనర్ దగ్గర ఉత్తరం తీసుకోండి. మీరు ఏ తేదీ నుంచి ఉంటున్నారు, అందుకు అనుమతి ఉంది, ఇంట్లో గదులెన్ని, మనుషులెందరు, మీ ఇద్దరికే చెందిన బెడ్‌రూం ఏది, ఇవన్నీ అందులో ఉండాలి. వంటిల్లు, బాత్రూం షేరింగ్ అయినా ఇబ్బంది లేదు, పడకగది మాత్రం మీ ఇద్దరిదే అయి ఉండాలి.

కౌన్సిల్ ట్యాక్స్ దగ్గర ఒక్క హెచ్చరిక. విడిగా ఫ్లాట్ తీసుకున్న జంటల్లో, ఒక్కరే ఉంటున్నట్టు చెప్పి 25 శాతం తగ్గింపు పొందుతున్న వాళ్లుంటారు. ఇంకొకరు వచ్చి చేరాక కూడా అది రద్దు చేయించకపోతే, కలిసి ఉంటున్నామన్న మాటకు మీ బిల్లే ఎదురు సాక్ష్యం అవుతుంది. పైగా తగ్గింపు రద్దయ్యే మార్పును కౌన్సిల్‌కి చెప్పడం మన బాధ్యత.

గోరింట:

మర్రినీడ గారు సంబంధం సంగతి చెప్పారు, డబ్బు లెక్క నేను చెప్తాను. 2024 ఏప్రిల్ 11 నుంచి కొత్తగా ఈ రూట్‌లోకి వచ్చేవాళ్లకు 29,000 పౌండ్లు ఉండాలి. అది స్పాన్సర్ (ఇక్కడ మీ పార్ట్‌నర్) ఒక్కరి జీతమే కానక్కర్లేదు. మీరు యూకేలో చట్టబద్ధంగా పనిచేస్తున్నారు కాబట్టి మీ జీతం కూడా కలుపుకోవచ్చు. ఇండియా నుంచి వేస్తే అక్కడి మీ జీతాన్ని లెక్కించరు. ఇక్కడే ఉండి మారడంలో మీకున్న పెద్ద లాభం ఇదే.

కేటగిరీ ఎ అనే లెక్క కింద ఇద్దరూ తమ తమ ఉద్యోగాల్లో కనీసం ఆరు నెలలు పూర్తిచేసి ఉంటే 27,500 కి 24,000 కలిపి 51,500. సమస్యే లేదు. మీకు నాలుగు నెలలైంది, వీసా ఐదు నెలలుంది, కాబట్టి తొందరపడి ఇప్పుడే వేయకండి. నెల మధ్యలో చేరి ఉంటే మొదటి పేస్లిప్ సగం నెలదే అవుతుంది, అప్పుడు ఏడో పేస్లిప్ వచ్చేదాకా ఆగడం మంచిది. ఆ ఆరు నెలల్లో జీతం స్థాయి ఎప్పుడు అన్నిటికన్నా తక్కువగా ఉందో అదే లెక్కిస్తారు, కాబట్టి ఈ మధ్యలో ఎవరూ గంటలు తగ్గించుకోవద్దు, ఉద్యోగం మారవద్దు.

మీ జీతం కలపకుండా వేయాలనుకుంటే దారి సేవింగ్స్. మొదటి 16,000 పౌండ్లు లెక్కలోకి రావు, ఆపైన ఉన్నదాన్ని 2.5తో భాగిస్తే వచ్చేది ఆదాయానికి కలుస్తుంది. తనకు లోటు 1,500. దాన్ని 2.5తో గుణిస్తే 3,750, దానికి 16,000 కలిపితే 19,750 పౌండ్లు. ఆ మొత్తం ఆరు నెలల పాటు ఏ ఒక్కరోజూ తగ్గకుండా మీ ఇద్దరిలో ఒకరి పేరు మీదో, ఇద్దరి పేరు మీదో ఉండాలి. ఒక్క రోజు 19,700కి పడినా ఆ ఆరు నెలలు మళ్లీ మొదటికొస్తాయి. అసలు ఆదాయమే చూపించకుండా సేవింగ్స్ మీదే వెళ్లాలంటే 88,500 కావాలి.

కాగితాల్లో ఎక్కువగా తప్పులు జరిగేది ఎక్కడో చెప్తాను. పేస్లిప్‌లో ఉన్న నెట్ పే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పడిన మొత్తం పెన్నీతో సహా కలవాలి. జీతం రెండు ఖాతాల్లో పడుతుంటే రెండు ఖాతాల స్టేట్‌మెంట్లూ పెట్టాలి. చివరి పేస్లిప్, చివరి స్టేట్‌మెంట్ అప్లికేషన్ తేదీకి ముందు 28 రోజుల లోపువి కావాలి. ఎంప్లాయర్ లెటర్‌లో మీ జీతం ఎంత, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారు, ఆ జీతం ఎప్పటి నుంచి ఇస్తున్నారు, పర్మనెంటా కాంట్రాక్టా, ఈ నాలుగూ ఉండాలి. హెచ్ఆర్ వాళ్లు మామూలుగా ఇచ్చే రెండు లైన్ల లెటర్‌లో మూడోది ఉండదు. అడిగి రాయించుకోండి.

ఖర్చు: ఫీజు 2025 ఏప్రిల్ 9 నుంచి 1,321 పౌండ్లు, హెల్త్ సర్‌చార్జ్ (ప్రభుత్వ వైద్యం కోసం కట్టేది) రెండున్నరేళ్లకు 2,587.50, మొత్తం 3,908.50. ఫీజులు తరచూ ఏప్రిల్‌లో మారుతుంటాయి, కట్టే రోజు చూసుకోండి. ఇంగ్లిష్‌కి మళ్లీ పరీక్ష అక్కర్లేదు, యూకే డిగ్రీ సర్టిఫికెట్ చాలు.

చిలకలవాగు:

వేపచెట్టు గారూ, మీరు అడగకపోయినా ఒక మాట. ఆ ముందు పది నెలలకు కాగితాలు దొరకకపోతే రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకుని స్పౌజ్‌గా వేయడం గురించి ఆలోచించండి. అదే ఫారం, అదే ఫీజు, రెండేళ్ల షరతు ఉండదు. నోటీసు ఇచ్చాక 28 రోజులు ఆగాలి, విదేశీయులు ఉన్నప్పుడు దాన్ని 70 రోజుల దాకా పొడిగించే అధికారం హోం ఆఫీసుకి ఉంది. అందుకని ఆ దారే అనుకుంటే ఈ నెలలోనే తేల్చుకోవాలి. గుడిలో పురోహితుడు చేయించిన పెళ్లి ఒక్కటే ఉండి చట్టప్రకారం నమోదు కాకపోతే, ఇక్కడ అది పెళ్లిగా చెల్లదు.

వేపచెట్టు:

చాలా థాంక్స్ అండీ. పెళ్లి ఇప్పుడు కుదరదు, ఇంట్లో ఒప్పించాల్సింది చాలా ఉంది. ఆ పది నెలలకు ట్రాన్స్‌ఫర్లు, టికెట్లు ఉన్నాయి. వాట్సాప్ చాట్లు కూడా బోలెడు, కానీ అన్నీ తెలుగులోనే, సగం ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇంకోటి, అప్లై చేశాక ఇండియా వెళ్లి రావచ్చా?

మర్రినీడ:

వెళ్లకూడదు. పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉంటుంది కాబట్టి వెళ్లొచ్చని చాలామంది అనుకుంటారు. నిర్ణయం రాకముందే దేశం దాటితే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మామూలు సర్వీసులో ఎనిమిది వారాలు పడుతుంది, ఇంట్లో తప్పనిసరి వేడుక ఏదైనా ఉంటే దానికి తగ్గట్టు ముందే చూసుకోండి.

గడువులోపు ఫీజు కట్టి ఫారం సబ్మిట్ చేస్తే, వీసా తేదీ దాటినా ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 3సి కింద మీ గ్రాడ్యుయేట్ హక్కులు నిర్ణయం వచ్చేదాకా కొనసాగుతాయి, ఉద్యోగమూ చేసుకోవచ్చు. మీ ఎంప్లాయర్ భయపడితే హోం ఆఫీస్ ఎంప్లాయర్ చెకింగ్ సర్వీస్‌లో చూసుకోమనండి. అప్లికేషన్ తేదీగా లెక్కించేది ఆన్‌లైన్‌లో సబ్మిట్ చేసిన రోజుని. వేలిముద్రలిచ్చే బయోమెట్రిక్ రోజు కాదు.

చాట్లకు అనువాదం కావాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినా అది తెలుగే. అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, తేదీ, సంప్రదించే వివరాలు, ఇది సరైన అనువాదం అన్న ధ్రువీకరణ ఉండాలి. అన్నీ చేయిస్తే డబ్బు దండగ. నెలకు ఒకటి రెండు పేజీలు ఎంచుకోండి, అందులోనూ అద్దె, బిల్లులు, జబ్బు, అమ్మానాన్నలతో ఎప్పుడు చెప్పాలి లాంటి సంగతులున్నవి. "తిన్నావా" అన్న మెసేజ్ వంద పేజీలున్నా, "ఈ నెల రెంట్ నేను పంపుతా" అన్న ఒక్క పేజీ చేసినంత పని చేయవు. కాల్ లాగ్‌కి అనువాదం దాదాపు అక్కర్లేదు, దాన్ని ఖాళీ గడులకు వాడండి.

ఇంట్లో ఇంకా ఒప్పించాల్సి ఉందన్న సంగతి కవర్ లెటర్‌లో దాచకండి. కుటుంబాల ఫొటోలు ఎందుకు లేవో అదే వివరిస్తుంది. మిమ్మల్ని జంటగా ఎరిగిన ఇద్దరు ముగ్గురు స్నేహితుల చేత, వాళ్ల పాస్‌పోర్ట్ కాపీతో ఉత్తరాలు రాయించండి. మీ ఇంట్లో షేరింగ్‌లో ఉన్న ఆ ఇద్దరి ఉత్తరాలు అన్నిటికన్నా విలువైనవి.

గోరింట:

ఒకటి మర్చిపోయాం. ఈ పార్ట్‌నర్ వీసా వచ్చేది 30 నెలలకు, ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్, ఈ రూట్‌లో ఐదేళ్లయ్యాక ఐఎల్ఆర్. మీ గ్రాడ్యుయేట్ కాలం ఆ ఐదేళ్లలో కలవదు, పదేళ్ల లాంగ్ రెసిడెన్స్ (పదేళ్లు వరుసగా ఇక్కడ ఉన్నవాళ్లకు ఐఎల్ఆర్ ఇచ్చే దారి) లెక్కకు మాత్రం పనికొస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కి ఇంగ్లిష్ రుజువు, కలిసున్న రుజువు మళ్లీ అడుగుతారు, కాబట్టి వీసా వచ్చిన రోజు నుంచే ఉత్తరాలు దాచడం మొదలుపెట్టండి. అగ్రిమెంట్ రెన్యువల్ వస్తే మీ పేరూ చేర్పించండి.